పితృత్వము - ట్రాన్స్‌జెండరు జననీజనకులు

మాతృత్వము ప్రసవముచేత లోకమునకు ప్రత్యక్షమగును. పితృత్వ మట్టిది కాదు. అది వివాహముచేతనో, నామకరణముచేతనో, ఓలిగా తోలి యిచ్చిన పశువులచేతనో, న్యాయస్థానపు తీర్పుచేతనో సమాజము ఒక వ్యక్తికి ఒప్పగించునట్టి పదవి. ఆ పదవికి అర్హత బీజమువలన వచ్చునా, ధర్మమువలన వచ్చునా, దినదినమును బిడ్డను సాకుటవలన వచ్చునా యను విషయమున మానవజాతు లన్నియు ఒక్కమాటపై నిలిచిన కాలము లేదు. పుట్టినప్పుడు తమకు నిర్ణయింపబడిన లింగము తమ యంతఃకరణమునకు విరుద్ధమై యుండుటచే వేఱొక లింగమున జీవయాత్ర సాగించు ట్రాన్స్‌జెండరు వ్యక్తులు బిడ్డలను కనుటయు, పెంచుటయు గడచిన యర్ధశతాబ్దమున బహిరంగవిషయ మగుటతో, ఈ ప్రాచీనవివాదము జననమరణముల రిజిస్ట్రారు కార్యాలయమువఱకు వచ్చినది. గర్భము ధరించి, నవమాసములు మోసి, శిశువును కన్న పురుషుని ఆ శిశువునకు తల్లి యని వ్రాయవలెనా, తండ్రి యని వ్రాయవలెనా? భార్యయందు సంతానమును పొంది, పిమ్మట స్త్రీగా మాఱిన వ్యక్తి తన బిడ్డలకు ఏమగును? ఈ ప్రశ్నలు మున్నెన్నడును వినరానివని తలచువారు కలరు. కాని తండ్రి స్థానమును తండ్రి దేహమునుండి వేఱుచేసి చూచుట మానవజాతికి బహుకాలముగా తెలిసిన విద్యయే. నేడు క్రొత్తగా వచ్చినదెల్ల చట్టమునందలి చిక్కును, తాము కన్న బిడ్డలయెదుట తమ నిజస్వరూపముతో నిలువదలచిన తల్లిదండ్రుల ధైర్యమును మాత్రమే.

వివిధజాతులలో పితృత్వభావన

దక్షిణ సూడాను గడ్డిభూములలో పశువులను మేపుకొని జీవించు న్యూయరు జాతివారిని గూర్చి ఆంగ్లేయ మానవశాస్త్రజ్ఞుడు ఇ. ఇ. ఎవాన్స్-ప్రిచర్డు 1951లో ప్రకటించిన బంధుత్వవివాహగ్రంథము ఈ విషయమున నేటికిని ఆధారభూతము. ఆ జాతిలో సంతానము లేని స్త్రీ, తన బంధువర్గపు వివాహములలో తన భాగమునకు వచ్చిన పశువులను కూడబెట్టుకొని, వానిని ఓలిగా చెల్లించి, వేఱొక స్త్రీని యథావిధిగా పెండ్లాడ వచ్చును. అట్లు వచ్చిన భార్యయందు బిడ్డలను కనుటకై ఒక బంధువునో, మిత్రునో, బీదవాడైన పొరుగువానినో ఆమెయే నియమించును. పుట్టిన పిల్లలు ఆ స్త్రీనే తండ్రి యని పిలుతురు. ఆమె వంశమునకే చెందుదురు. ఆడపిల్లల పెండ్లిండ్లలో తండ్రికి రావలసిన పశువులు ఆమె దొడ్డికే చేరును. బీజమిచ్చిన వానికి ఆ పెండ్లిలో కన్నందులకు గుర్తుగా ఒక ఆవు ముట్టును. అంతకు మించి అతనికి ఆ పిల్లలపై అధికారము లేదు. సంతానము లేక మరణించిన పురుషుని పేర అతని సోదరుడు ఒక స్త్రీని పెండ్లాడి తెచ్చినచో, ఆమెకు కలిగిన పిల్లలందఱకు ఆ మృతుడే తండ్రి. కన్నవాడు పినతండ్రి స్థానముననే నిలుచును. కనుట వేఱు, తండ్రి యగుట వేఱు అను వివేకమును న్యూయరులు పశువుల లెక్కలో ఇంత స్పష్టముగా వ్రాసికొనిరి. నైజీరియాలోని ఇగ్బో జాతివారియందును ఇట్టి స్త్రీభర్త లుండిరని ఇఫీ అమాడియూమె 1987లో వివరించెను. అయితే ఈ స్త్రీలను నేటి యర్థమున ట్రాన్స్‌జెండరు పురుషులని పిలుచుట సరికాదు. వారు స్త్రీలుగా జీవించుచునే పితృస్థానమును వహించిరి. ఆ స్థానమునకు పురుషదేహ మనివార్యము కాదని మాత్రము వారి యాచారము నిరూపించుచున్నది.

పశ్చిమ పసిఫిక్కు సముద్రమందలి ట్రోబ్రియాండు దీవులలో మొదటి ప్రపంచయుద్ధకాలమున నివసించిన బ్రోనిస్లా మాలినోవ్‌స్కీ చూచిన తండ్రి మఱియొక రకమువాడు. అచ్చట బిడ్డ తల్లి వంశమునకు చెందును. ఆస్తియు అధికారమును మేనమామనుండి సంక్రమించును. వంశదృష్టిలో తండ్రి పరాయివాడే. అయినను బిడ్డ నెత్తుకొని తిరుగుట, కడుగుట, నోటికి ముద్ద అందించుట అతని పని. ఆ చాకిరియే బిడ్డకు అతనిపై గల ప్రేమకు మూలమని ఆ దీవులవారు చెప్పుదురు. గర్భధారణమున పురుషుని పాత్రను వారెఱుగరని మాలినోవ్‌స్కీ వ్రాసిన మాటపై తరువాతి పండితులు చాల వాదించిరి గాని, తండ్రి పోషణమును గూర్చి అతడు వ్రాసిన భాగము చెక్కుచెదరలేదు. చీనాదేశపు యున్నాను రాష్ట్రమున లూగూ సరస్సు పరిసరములలోని మోసువోలయందును, మన పొరుగుననే కేరళదేశపు నాయరు తఱవాడులయందును తండ్రి అతిథివంటివాడై, మేనమామయే గృహస్థుడై యుండెను. నాయరుల ఆ వ్యవస్థకు 1933 నాటి మద్రాసు మరుమక్కత్తాయ చట్టము గట్టి దెబ్బయు, 1975 నాటి కేరళ ఉమ్మడికుటుంబ రద్దుచట్టము తుదిదెబ్బయు కొట్టినవి.

దక్షిణ అమెరికాలో వెనిజ్వేలా, కొలంబియా దేశముల సరిహద్దున నుండు బారీ జాతివారు ఒక బిడ్డకు ఒకరికంటె ఎక్కువమంది తండ్రు లుండవచ్చునని నమ్ముదురు. గర్భకాలమున తల్లితో సంగమించిన పురుషులందఱును ఆ శిశువు రూపుదిద్దుకొనుటకు తోడ్పడిన వారే. ఆమె ప్రసవించినపుడు వారి పేర్లను బయటపెట్టును. వారును చేపలు, వేటమాంసము తెచ్చియిత్తురు. బెకర్మను, వాలంటైను అను పరిశోధకులు 2002లో వెలువరించిన సంపుటమునుబట్టి, ఇట్లు రెండవ తండ్రి గల పిల్లలలో 80 శాతము పదునైదేండ్ల వయసువఱకు బ్రతుకగా, ఒక్క తండ్రియే గలవారిలో 64 శాతము మాత్రమే బ్రతికిరి.

తండ్రి చేయు సేవ విషయమున సాటిలేనివారు మధ్య ఆఫ్రికా అరణ్యములలోని ఆకా జాతివారు. బారీ హ్యూలెట్టు వారి నడుమ నుండి ప్రతినిమిషమును గమనించి 1991లో వ్రాసిన గ్రంథము ప్రకారము, ఆకా తండ్రి దినమున 47 శాతము కాలము బిడ్డను ఎత్తుకొనియో, చేతికందు దూరముననో యుండును. వలలతో వేటకు పోవునపుడు భార్యాభర్త లిరువురును బిడ్డను వంతులవారీగా మోయుదురు. తల్లి దగ్గఱ లేనప్పుడు పాలకై ఏడ్చు పసికందునకు తండ్రి తన చనుమొనను నోటికిచ్చి ఊరడించుటయు కలదు. అందులో వారికి నవ్వుబాటు గాని, సిగ్గు గాని కన్పట్టదు. ఆకా తండ్రి తన మగతనమున కేమియు లోపము రాదను నిశ్చింతతో చేయు పనిని, పారిశ్రామికదేశములు చట్టములు చేసి అలవాటు చేయవలసి వచ్చినది. స్వీడను 1974లో తల్లికి మాత్రమే యున్న ప్రసవసెలవును తల్లిదండ్రు లిరువురకు చెందు సెలవుగా మార్చి, 1995లో తండ్రి వాడుకొననిచో మురిగిపోవునట్లు ఒక నెలను అతనికే ప్రత్యేకించెను. ఫిలిప్పీను దేశపు సెబూ నగరమున 624 మంది యువకులను కొన్నియేండ్లు పరిశీలించి 2011లో ప్రకటించిన అధ్యయనమున, తండ్రులైనవారి రక్తమున టెస్టోస్టెరోను పాలు తగ్గిపోయినదనియు, బిడ్డను సాకుటలో ఎక్కువకాలము గడపువారికి అది మఱింత తక్కువగా నుండెననియు తేలినది. అనగా పితృత్వము దేహమునుండి పుట్టుటయే గాక, సాకుటవలన దేహమును మార్చుటయు కలదన్నమాట.

భారతీయ గాథలు, ధర్మశాస్త్రము

మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమున పండ్రెండు విధములైన పుత్రులు చెప్పబడిరి. తాను కన్న ఔరసుడు వారిలో ఒక్కడు మాత్రమే. నియోగవిధిచే అన్యునివలన భార్యకు పుట్టిన క్షేత్రజుడు, కన్నవారు విడిచిపెట్టగా చేరదీయబడిన అపవిద్ధుడు, తల్లి గర్భముననే యుండి ఆమెతో కూడ అత్తవారింటికి వచ్చిన సహోఢుడు, తనంతట తాను వచ్చి నీ కుమారుడ నగుదునన్న స్వయందత్తుడు, దత్తుడు మున్నగువారును పుత్రశబ్దవాచ్యులే. దాయభాగమున వీరందఱకు సమానహక్కు లేకున్నను, బీజ మొక్కటియే పితృత్వమునకు ప్రమాణము కాదని స్మృతికర్తలు గ్రహించిరనుటకు ఈ పట్టికయే చాలును. పాండురాజు బీజమువలన జన్మింపని యైదుగురును పాండవులనియే లోకప్రసిద్ధులైరి.

పురాణములు ఇంకను ముందునకు పోయినవి. పోతన భాగవతము నవమస్కంధమున మనకు పరిచితమైన సుద్యుమ్నుడు శివుని శాపారామమున కాలుపెట్టి స్త్రీయై, బుధునివలన పురూరవుని కని, మరల పురుషరూపమున ఉత్కలుడు, గయుడు, విమలుడు అను కుమారులకు తండ్రి యయ్యెను. చంద్రవంశమున కంతటికిని ఆదియం దున్న తల్లి ఒక రాజే. ఆ స్కంధముననే యువనాశ్వుని కథయు కలదు. రాణికై మంత్రించి యుంచిన జలమును దప్పికచే నడిరేయి తానే త్రావి, గర్భము ధరించి, పార్శ్వము చీల్చుకొని వచ్చిన మాంధాతను కన్న రాజతడు. పుట్టిన శిశువు పాలకై యేడ్వగా ఇంద్రుడు తన చూపుడువ్రేలిని వాని నోట నుంచెనట. కథకులు ఆ తండ్రిని పరిహసింపలేదు. ఆ కుమారుని అల్పునిగా చూడలేదు. మాంధాత సార్వభౌముడై షోడశమహారాజులలో ఎన్నబడెను.

వీనియన్నింటిలో ఈ ప్రకరణమునకు మిక్కిలి దగ్గఱైనది మహాభారతము ఆనుశాసనికపర్వమందలి భంగాస్వనుని వృత్తాంతము. నూఱుగురు కొడుకులు గల ఆ రాజు వేటకు పోయి, దారితప్పి, ఒక సరస్సున స్నానమాడి లేచునప్పటికి స్త్రీ యయ్యెను. ఇంటికి మరలివచ్చి, సిగ్గును వ్యథయు దిగమ్రింగి, జరిగినది కొడుకులకు చెప్పి, రాజ్యమును వారి కప్పగించి అడవికి పోయెను. అచ్చట ఒక తాపసునివలన మఱి నూఱుగురను కని, వారిని వెంటబెట్టుకొని వచ్చి, మీరందఱు కలిసి ఏలుకొనుడని అన్నదమ్ములను ఒక్కచోట కూర్చెను. ఇంద్రుడు మత్సరముచే వారిలో కలహము పెట్టి అందఱును చచ్చునట్లు చేసి, పిదప కరుణించి, ఏ నూఱుగురను బ్రతికింపుమందు వని యడుగగా, ఆమె తాను తల్లిగా కన్నవారినే కోరెను. తల్లికి గల మమకారము అధికమని కారణము చెప్పెను. ఇంద్రుడు మెచ్చి ఇన్నూఱుగురను బ్రతికించెను గాని, తిరిగి పురుషుడవు కమ్మనగా ఆమె యొల్లలేదు, స్త్రీగానే యుందునన్నది. ఒకే వ్యక్తి యొక నూఱుగురకు తండ్రియు, వేఱొక నూఱుగురకు తల్లియు నై యుండుటను ఇంత నిస్సంకోచముగా చెప్పిన గాథ మఱియొకటి ప్రపంచవాఙ్మయమున అరుదు. పూర్వము కన్న కొడుకులు ఆమెను తండ్రి కాదని త్రోసిపుచ్చిరని కథలో ఎక్కడను లేదన్నది గమనింపదగిన విషయము.

సంతానముపై నిషేధము

ఇట్టి గాథలు గల దేశముననే హిజ్రాలకు బిడ్డలను పెంచు హక్కు చట్టబద్ధముగా తొలగింపబడినది. బ్రిటిషు ప్రభుత్వము 1871లో చేసిన నేరస్థజాతుల చట్టము రెండవభాగము, నపుంసకులను పేర రిజిస్టరు చేయబడినవారు మైనరుకు సంరక్షకులుగా నుండరాదనియు, దానముగాని వీలునామాగాని వ్రాయరాదనియు, కొడుకును దత్తత చేసికొనరాదనియు శాసించెను. పదునాఱేండ్లు నిండని బాలుని ఇంట నుంచుకొన్నచో రెండేండ్లవఱకు కారాగారశిక్ష. ఆ నిబంధనల నీడ నైజాము రాజ్యముపైనను పడినది. 1329 ఫస్లీలో, అనగా క్రీ. శ. 1919 ప్రాంతమున, హైదరాబాదున చేయబడిన యూనక్కుల చట్టము వారిని పోలీసు రిజిస్టరులో చేర్చి, ఇంట బాలుడు కన్పడినచో నేరముగా నిర్ణయించెను. నైజాము పోయి, హైదరాబాదు రాష్ట్రము పోయి, ఆంధ్రప్రదేశము ఏర్పడి, తెలంగాణము వేఱుపడిన తరువాతను ఆ చట్టము పుస్తకములలో నుండెను. 2023 జూలైలో గాని తెలంగాణ హైకోర్టు దానిని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేయలేదు. నూఱేండ్లకు పైబడి, ఒక వర్గపు మనుష్యులు తెచ్చుకొన్న పసిబిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొనుటయే అపరాధముగా నుండినదన్నమాట తలచికొన్నపుడు మనస్సు కలుక్కుమనును.

ఐరోపాదేశముల పద్ధతి మర్యాదగా కన్పట్టినను తక్కువ క్రూరమైనది కాదు. లింగపరివర్తనమును చట్టరీత్యా మొట్టమొదట గుర్తించిన స్వీడను, 1972 నాటి ఆ చట్టముననే దరఖాస్తుదారు సంతానశక్తిని కోల్పోయి యుండవలెనను నిబంధనను చేర్చెను. నీవెవరవో మేము గుర్తింపవలెనన్నచో ఇక బిడ్డలను కనకుము అన్న ఈ బేరము 2013వఱకు సాగినది. అట్లు నష్టపోయినవారికి ఒక్కొక్కరికి 225,000 క్రోనుల పరిహార మిచ్చుటకు ఆ దేశము 2018లో చట్టము చేసినది. జర్మనీ రాజ్యాంగన్యాయస్థానము 2011లో ఇట్టి నిబంధనను రద్దుచేసెను. ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము 2017లో ఫ్రాన్సుపై నడచిన వ్యాజ్యమున అది వ్యక్తిగతజీవనపు హక్కునకు భంగకరమని తీర్పుచెప్పెను. జపానులో 2003 నాటి చట్టము శస్త్రచికిత్సను కోరుటయే గాక, దరఖాస్తుదారునకు సంతానమే యుండరాదనెను. 2008లో ఆ షరతును మైనరు బిడ్డలకు పరిమితము చేసిరి. సంతానశక్తిని తొలగించుకొనవలెనను భాగమును ఆ దేశపు సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 25న రాజ్యాంగవిరుద్ధముగా ప్రకటించినది.

కన్న తండ్రులు

టెస్టోస్టెరోను పుచ్చుకొను ట్రాన్స్‌జెండరు పురుషునకు సామాన్యముగా కొన్ని నెలలలో ఋతుస్రావ మాగిపోవును, గడ్డము మొలచును, కంఠము మాఱును. కాని గర్భాశయము, అండాశయములు తొలగింపబడనిచో గర్భధారణశక్తి నశించినట్లు కాదు. ఆ ఔషధము పిండమునకు హాని చేయును గనుక బిడ్డను కోరువారు ముందుగా దానిని మానివేయుదురు. పలువురకు ఋతుచక్రము మరల ప్రారంభమగును. 2014లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక అధ్యయనమున, పురుషులుగా జీవించుచు గర్భము ధరించిన 41 మందిలో 61 శాతము పూర్వము టెస్టోస్టెరోను వాడినవారే. వారు చెప్పుకొన్న బాధలలో ఒంటరితన మొకటి. ప్రసూతివైద్యశాలల నిరీక్షణమందిరము, దరఖాస్తు, పరిచారిక పిలుపు అన్నియు స్త్రీకొఱకే యేర్పడి యుండగా, గడ్డముతో, నిండుచూలుతో నచ్చట కూర్చున్న పురుషుని చూచి, నీవెవరికి తోడుగా వచ్చితివని యడుగువారే గాని, నీకెన్నవ నెల యని యడుగువా రుండరు.

స్త్రీగా మాఱు వ్యక్తి విషయమున ఈస్ట్రోజెను చికిత్స వీర్యోత్పత్తిని తగ్గించును. అందుచేత చికిత్సకు ముందే వీర్యమును ద్రవనత్రజనిలో, శూన్యమునకు 196 డిగ్రీలు దిగువ చల్లదనమున భద్రపఱచుకొనుమని వైద్యులు సలహా యిత్తురు. ప్రసవింపకయే ఔషధములతోను, పాలుతీయు యంత్రముతోను స్తన్యమును పొంది, ఆఱువారములపాటు శిశువును తన పాలతోనే పోషించిన ట్రాన్స్‌జెండరు స్త్రీని గూర్చి న్యూయార్కు వైద్యులు 2018లో నివేదించిరి.

2008లో అమెరికాలో ఓరెగాను రాష్ట్రవాసియగు థామసు బీటీ, సంతానయోగ్యత లేని తన భార్యకు మాఱుగా తానే గర్భము ధరించి, ఆ యేడు జూనులో ఒక ఆడపిల్లను కనెను. గర్భముతో నున్న గడ్డపు మనిషి ఛాయాచిత్రము ప్రపంచమంతటను వ్యాపించినది. ఆశ్చర్యపడినవారు, అసహ్యించుకొన్నవారు, ఆశీర్వదించినవారు కోట్లమంది. ఆ దంపతులు మఱి ఇద్దఱు బిడ్డలను కనిరి. తరువాత విడాకులు కోరినపుడు, ఇది పురుషునికిని స్త్రీకిని జరిగిన వివాహమే కాదని అరిజోనాలోని క్రిందికోర్టు నిరాకరింపగా, 2014లో అప్పీలుకోర్టు వారి వివాహము సక్రమమైనదేయని నిర్ణయించెను. కెనడావాసియగు ట్రెవరు మెక్‌డొనాల్డు బిడ్డను కని, శస్త్రచికిత్స జరిగిన తన ఱొమ్మునుండియే పాలిచ్చి, చన్నుపాల ప్రచారము చేయు లాలెచే లీగు సంస్థలో తోటివారికి సహాయకుడుగా నుండదలచినపుడు, తల్లులకు మాత్రమే ఆ పని యని 2012లో త్రోసివేయబడెను. రెండేండ్లలో ఆ సంస్థ తన నియమమును మార్చుకొన్నది.

జననపత్రము

పితృత్వమును గూర్చిన వాదములన్నియు నేడు రెండంగుళముల గడిలో ఇమిడియున్నవి. 1997లో ఐరోపా మానవహక్కుల న్యాయస్థానమునకు వచ్చిన ఒక బ్రిటిషు వ్యాజ్యమున, దాతృవీర్యముచే తన సహచరికి పుట్టిన బిడ్డకు తండ్రిగా తన పేరు వ్రాయవలెనని ట్రాన్స్‌జెండరు పురుషు డొకడు కోరగా, ప్రభుత్వము నిరాకరించుట హక్కుల భంగము కాదని తీర్పు వచ్చెను. బిడ్డను తొలినాటినుండి పెంచుచున్నవా డతడే యని యెవ్వరును కాదనలేదు. వ్రాయుటకు మాత్రము ఒప్పుకొనరైరి. 2018లో బిడ్డను కన్న ఆంగ్లపాత్రికేయుడు ఫ్రెడ్డీ మెక్‌కొనెల్ చట్టరీత్యా పురుషుడే. అయినను తండ్రి యని గాని, తల్లిదండ్రులలో ఒకడని గాని వ్రాయించుకొనుటకు చేసిన ప్రయత్నము 2019లో హైకోర్టునను, 2020లో అప్పీలుకోర్టునను విఫలమైనది. గర్భము మోసి కన్నవా రెవ్వరైనను ఆంగ్లన్యాయమున తల్లియే యని ఆ తీర్పుల సారము. జర్మనీకి సంబంధించిన ఇట్టి వ్యాజ్యములలో 2023 ఏప్రిలున ఐరోపా న్యాయస్థానమును రాజ్యములకే మొగ్గుచూపినది. బిడ్డకు తన జన్మవృత్తాంతము తెలియు హక్కు గలదన్నది ఆ తీర్పులలోని బలమైన యంశము. దానిని తేలికగా త్రోసివేయరాదు. కాని ఆ వృత్తాంతమును వేఱొక రిజిస్టరున భద్రపఱచి, బడిలో చూపవలసిన పత్రమున మాత్రము ఇంటిలో బిడ్డ పిలుచు పిలుపునే వ్రాసిన నష్టమేమో ఈ వ్యాసకర్తకు బోధపడలేదు.

ఎదురుత్రోవ నడచిన దేశములు లేకపోలేదు. స్వీడనులో 2019నుండి, చట్టరీత్యా పురుషుడైనవాడు బిడ్డను కన్నచో తండ్రిగానే నమోదగును. కెనడాలోని ఒంటారియో రాష్ట్రము 2016లో చేసిన చట్టము తల్లి, తండ్రి యను నిర్వచనములకు మాఱుగా జన్మనిచ్చిన వ్యక్తి, తల్లిదండ్రులలో ఒకరు అను మాటలను వాడినది. జపాను సుప్రీంకోర్టు 2013 డిసెంబరులోనే, దాతృవీర్యముచే భార్యకు పుట్టిన బిడ్డకు ట్రాన్స్‌జెండరు పురుషుడు తండ్రియని నిర్ణయించెను. భర్తకు పుట్టని బిడ్డయైనను వివాహమున పుట్టినచో భర్త బిడ్డయే యను పాతసూత్రమును అతనికిని వర్తింపజేసెను. ఆ కోర్టే 2024 జూనున, స్త్రీగా మాఱిన తరువాత తాను పూర్వము భద్రపఱచుకొన్న వీర్యముచే పుట్టిన కుమార్తెకు ఆ స్త్రీ చట్టరీత్యా జననీజనకులలో ఒకతెయే యని అంగీకరించినది. బిడ్డ మేలును గూర్చిన దృష్టియే అందు ప్రధానము.

పిల్లలు

తల్లి యో తండ్రి యో లింగము మార్చుకొన్నచో బిడ్డల మనస్సు చెడునన్న భయము అనేక న్యాయస్థానములను నడిపించినది. అమెరికాలోని కొలరాడో అప్పీలుకోర్టు 1973లోనే, పురుషుడుగా మాఱిన తల్లినుండి నలుగురు కుమార్తెలను తీసివేయుటకు నిరాకరించి వివేకము చూపగా, 1986లో నెవాడా సుప్రీంకోర్టు, స్త్రీగా మాఱిన తండ్రికి తన కుమార్తెపై గల హక్కుల నన్నింటిని రద్దుచేసెను. ఈ భయమునకు ఆధారమున్నదా యని మొట్టమొదట వెదకినవారిలో ఒకడు రిచర్డు గ్రీను. స్వలింగప్రేమికులో, ట్రాన్స్‌జెండరులో పెంచుచున్న 37 మంది పిల్లలను పరిశీలించి, వారిలో 36 మంది ఆటపాటలు, ఇష్టాయిష్టములు ఆ యీడు పిల్లలకు సామాన్యములైనవే యని అతడు 1978లో ప్రకటించెను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ కుటుంబపరిశోధన కేంద్రమువారు ఇటీవల చేసిన కృషియు ఇట్టి కుటుంబములలో పిల్లల మనస్స్థితియు, పెద్దలతో వారి యనుబంధమును బాగుగనే యున్నవని తేల్చినది. పరిశీలింపబడిన కుటుంబములు ఇంకను కొద్దిసంఖ్యలోనివే. పసివయసులోనే మార్పును చూచిన పిల్లలు త్వరగా అలవాటుపడుదురు. కౌమారమున నున్నవారికి కష్టము. తల్లిదండ్రుల పరస్పరకలహమే లింగపరివర్తనముకంటె వారిని ఎక్కువగా గాయపఱచును. ఇద్దఱు బిడ్డలకు మొదట తండ్రియై పిదప తల్లియైన అమెరికా రచయిత్రి జెన్నిఫరు ఫిన్నీ బోయిలాను ఈ యనుభవమునే 2013లో గ్రంథముగా వ్రాసెను. ఆమెను ఏమని పిలువవలెనన్న చిక్కును పెద్దలు తీర్పకముందే పిల్లలు తీర్చిరి. మమ్మీ, డాడీలను కలిపి మ్యాడీ యనిరి.

కట్టుకొన్న చుట్టఱికములు

కన్నవారు వెలివేసినపుడు వేఱొకరు ఆ స్థానమున నిలిచి సాకుట ట్రాన్స్‌జెండరుల చరిత్రలో అన్నిదేశములందును కలదు. హైదరాబాదు హిజ్రాల జీవనమును గూర్చి గాయత్రీరెడ్డి 2005లో ప్రకటించిన గ్రంథమున గురువు, చేలా యనబడు శిష్యురాలు, గురువునకు గురువైన నానీగురువు అను పరంపరతోపాటు, పాలు సాక్షిగా ఏర్పడు తల్లీకూతుళ్ల బంధమును వర్ణింపబడినది. గురువు క్రమశిక్షణయు, బ్రతుకుతెరువును ఇచ్చును. పాలతల్లి మనసువిప్పి మాటాడుకొనుటకు, పండుగకు చీర పెట్టుటకు. ఇంటినుండి వెళ్లగొట్టబడిన పదునెనిమిదేండ్ల పిల్లకు పుట్టింటి ముచ్చట అచ్చటనే తీరవలెను. సమోవా దీవులలో పురుషులుగా పుట్టి స్త్రీరీతిని జీవించు ఫాఫాఫినే లనబడువారు తోబుట్టువుల బిడ్డలకు బడిజీతములు కట్టుచు, చాకిరి చేయుచు పెంపకమున తోడ్పడుదురు. ఉత్తర అల్బేనియా కొండలలో స్త్రీలుగా పుట్టి బ్రహ్మచర్యవ్రతముతో పురుషవేషము ధరించి యింటిపెద్దలైన బుర్నేషలు అన్నదమ్ముల పిల్లలపై పితృసమానాధికారమును వహించిరి. న్యూయార్కు నల్లజాతి, లాటిను యువకుల నృత్యసభలలో ఇండ్లు అని పిలువబడు బృందములకు తల్లులును, తండ్రులును కలరు.

భారతదేశమున నేటి స్థితి

మన దేశమున తండ్రి పేరు లేనిదే కాగితము కదలని కాలము మెల్లగా సడలుచున్నది. బిడ్డకు ఇంటిపేరు తండ్రినుండియే రావలెనన్న తెలుగువారి యలవాటున, ఒంటరి తల్లి పెంచిన పిల్లవాడు బడిలో దరఖాస్తు నింపునపుడు ఆ గడి దగ్గఱ కలము ఆపుట ఎందఱో ఎఱుగుదురు. 1999లో గీతాహరిహరన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తండ్రి బ్రతికియుండగనే తల్లియు సహజసంరక్షకురాలు కాగలదని వ్యాఖ్యానించెను. 2016 డిసెంబరునుండి పాస్‌పోర్టునకు తల్లిదండ్రులలో ఒక్కరి పేరు చాలును. 2018 డిసెంబరునుండి ఒంటరి తల్లి బిడ్డకు పాన్‌కార్డుపై తండ్రి పేరు నిర్బంధము కాదు. ఒంటరి తల్లులు గెలిచిన ఈ సడలింపులే ట్రాన్స్‌జెండరు కుటుంబములకును దారి చూపినవి.

2014 ఏప్రిలు 15న సుప్రీంకోర్టు నల్సా తీర్పున, తన లింగమును తానే నిర్ణయించుకొను హక్కు ప్రతివ్యక్తికి గలదని ప్రకటించెను. ముంబయి నగరమున వేశ్యావాటికలో అనాథయైన బాలికను చేరదీసి పెంచిన గౌరీ సావంతు జీవితము ఆధారముగా 2017లో వెలువడిన ఒక ప్రకటనచిత్రము, న్యాయశాస్త్రము తెలియని కోట్లమందికి హిజ్రా తల్లిని చూపినది. 2019లో మద్రాసు హైకోర్టు, ట్రాన్స్‌జెండరు స్త్రీ హిందూవివాహ చట్టము క్రింద వధువే యని తీర్పిచ్చెను. 2023 ఫిబ్రవరిలో కోళిక్కోడు ప్రభుత్వ వైద్యకళాశాలలో ఒక ట్రాన్స్‌జెండరు పురుషుడు బిడ్డను కనెను. అతని సహచరి ట్రాన్స్‌జెండరు స్త్రీ. జననపత్రమున కన్నవానిని తల్లిగాను, ఆమెను తండ్రిగాను వ్రాసిరి. ఇంటిలో బిడ్డకు తెలిసిన సంబంధము దీనికి సరిగా తలక్రిందులు. తండ్రి, తల్లి యను గడులను తీసివేసి ఇరువురను తల్లిదండ్రులుగా మాత్రమే చూపుచు క్రొత్తపత్ర మీయవలెనని కేరళ హైకోర్టు 2025 జూనున ఆదేశించెను.

అయితే సంతానమును పొందు మార్గములు ఇంకను ఇఱుకుగనే యున్నవి. 2021 నాటి అద్దెగర్భ చట్టము వివాహితులైన స్త్రీపురుషులకును, వితంతువులు, విడాకులు పొందిన స్త్రీలకును మాత్రమే అవకాశ మిచ్చుచున్నది. అదే యేటి కృత్రిమగర్భధారణ చట్టము దంపతులను, స్త్రీలను మాత్రమే పేర్కొన్నది. 2023 అక్టోబరు 17న స్వలింగవివాహమును గూర్చిన సుప్రియో వ్యాజ్యమున సుప్రీంకోర్టు, ట్రాన్స్‌జెండరు స్త్రీ పురుషునితోను, ట్రాన్స్‌జెండరు పురుషుడు స్త్రీతోను ప్రస్తుతచట్టముల క్రిందనే వివాహమాడవచ్చునని అంగీకరించినను, అవివాహితులైన జంటలకు ఉమ్మడిదత్తత నిచ్చుటకు ముగ్గురు న్యాయమూర్తుల యాధిక్యముచే నిరాకరించెను. వివాహమైనవారికి రెండేండ్ల దాంపత్యము నిండవలెను. మిగిలినవారికి ఒంటరి వ్యక్తిగా దరఖాస్తు చేసికొనుట యొక్కటియే త్రోవ. అందును చట్టదృష్టిలో పురుషుడైన ఒంటరివానికి ఆడపిల్లను దత్తత యీయరు.